పిప్పిపన్నును పీకించుకునే ముందు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో పన్ను నొప్పి వస్తే సాధారణంగా జరిగే క్రమం ఒకటే. మొదట లవంగ నూనెలో ముంచిన దూది, ఆ తరువాత మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్ర, చివరకు పన్ను పీకించుకోవడం. పన్నును దాని స్థానంలోనే ఉంచి, లోపలి వ్యాధిని మాత్రమే తొలగించే చికిత్స ఒకటుందని మన కుటుంబాల్లో చాలామంది తలచరు. దానినే రూట్ కెనాల్ అంటారు. తలచిన వారిలోనూ కొందరు ధార్మిక సందేహాలతో వెనుకాడుతున్నారు. ఈ రెండు విషయాలనూ పాఠకుల ముందుంచడం మా ఉద్దేశం.

పన్ను చూడడానికి రాయిలా ఉన్నా, అది సజీవమైన అవయవం. పైన ఎనామిల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్, నడుమ నరాలు, రక్తనాళాలు గల పల్ప్ అనే మెత్తని గుజ్జు ఉంటాయి. మనం తీపి తిన్నప్పుడు నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారు చేస్తాయి. అది ఎనామిల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పుచ్చు డెంటిన్ వరకే ఉంటే ఫిల్లింగ్‌తో సరిపోతుంది. గుజ్జును చేరితే మాత్రం చల్లని నీరు తగిలినప్పటి జివ్వుమనే బాధ చాలాసేపు నిలుస్తుంది. రాత్రి పడుకోగానే పోటు ఎక్కువవుతుంది.

కొన్నాళ్లకు ఆ నొప్పి దానంతటదే ఆగిపోవచ్చు. ఇంటివారు “అల్‌హమ్దులిల్లాహ్, తగ్గిపోయింది” అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. చాలాసార్లు అలా నొప్పి ఆగడానికి కారణం లోపలి నరం చనిపోవడమే. సూక్ష్మజీవులు వేరు కొన దాటి దవడ ఎముకను చేరతాయి, అక్కడ చీము పడుతుంది. గుజ్జు చనిపోయిన పన్ను లోపలికి రక్తం ప్రవహించదు కనుక మాత్రల్లోని మందు కూడా అక్కడికి చేరదు. మాత్రలతో వాపు తగ్గినట్లు కనిపించినా, కొంతకాలానికి తిరిగి రావడం అందుకే. వాపు దవడ కిందికి, మెడకు పాకినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా తెల్లవారే వరకు ఆగకూడదు. ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి చేరాలి. మధుమేహం ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

రూట్ కెనాల్‌లో వైద్యులు ముందుగా ఎక్స్‌రే తీస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్ను పైభాగాన చిన్న రంధ్రం చేసి, చెడిపోయిన గుజ్జును సన్నని ఫైళ్లతో తీసివేస్తారు. ముందు పళ్లకు సాధారణంగా ఒక కాలువ, దవడ పళ్లకు మూడు నాలుగు కాలువలు ఉంటాయి. వాటిని మందునీటితో కడిగి, గట్టాపెర్చా అనే చెట్టు పాల పదార్థంతో మూసివేస్తారు. ఒకటి నుంచి మూడు సార్లు వెళ్లవలసి రావచ్చు. దవడ పళ్లపై చివర తొడుగు వేస్తారు. నొప్పి తగ్గిందని తొడుగు వేయించకుండా వదిలేస్తే పన్ను చిట్లి, పడిన శ్రమంతా వృథా కావచ్చు. వేరు నిలువునా చీలినా, నిలుపుకోలేనంతగా పన్ను అరిగిపోయినా పీకించడమే మార్గం. ఆ నిర్ణయం దంతవైద్యులు చేయవలసినది.

పన్నును తొందరపడి పీకకూడదన్న మాట మన వైద్య వారసత్వంలోనూ ఉంది. కార్డోబాకు చెందిన అబుల్ ఖాసిం అజ్జహ్రావీ వెయ్యేళ్ల క్రితం రచించిన ‘అత్తస్రీఫ్’లో ముప్పై భాగాలున్నాయి. శస్త్రచికిత్సకు సంబంధించిన చివరి భాగంలో ఆయన దంత పరికరాల బొమ్మలు కూడా గీశారు. నొప్పి రోగిని మోసగిస్తుందని, బాధపెట్టే పన్నుకు బదులు పక్కనున్న మంచి పన్నును పీకించుకునే ప్రమాదముందని హెచ్చరించారు. తెలిసీ తెలియని చేతులకు పళ్లను అప్పగించవద్దన్నారు.

ఇక ధార్మిక సందేహాలు. మొదటిది గుస్ల్ గురించి. హనఫీ ఫిఖ్హ్‌లో గుస్ల్ సమయాన నోరు పుక్కిలించడం ఫర్జ్. పన్నులో సిమెంటు, పైన తొడుగు ఉంటే నీరు తగలదు కదా అని కొందరు భయపడతారు. ఊడదీయడానికి వీలులేకుండా అమర్చినది పన్నులో భాగంగానే పరిగణించబడుతుందని, దానిపై నీరు ప్రవహిస్తే చాలునని ఉలమాలు తెలిపారు. యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) గారికి బంగారు ముక్కు అమర్చుకొనేందుకు దైవప్రవక్త (స) అనుమతించిన వృత్తాంతం హదీసు గ్రంథాల్లో ఉంది. శరీర లోపాన్ని సరిదిద్దుకునే విషయంలో షరీఅత్ చూపిన సౌలభ్యం దీనిలో కనిపిస్తుంది.

రెండవది ఉపవాసం. 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ పదవ సమావేశం, గొంతులోకి చేరినది మింగకుండా ఉంటే పన్ను తొలచడం, పీకడం, శుభ్రపరచడం వల్ల రోజా భంగం కాదని తీర్మానించింది. వాయిదా వేయగలిగితే ఇఫ్తార్ తరువాత వెళ్లడం మేలు. వ్యాధి తీవ్రమైతే రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు ఉండనే ఉంది. ఆ రోజాను తరువాత ఖజా చేసుకోవచ్చు.

మూడవది స్త్రీల చికిత్స. మహిళా వైద్యురాలు దొరికితే ఆమె వద్దకే వెళ్లాలి. దొరకనప్పుడు మహ్రమ్ వెంట ఉండగా పురుష వైద్యునికి చూపించుకోవడంలో దోషం లేదు. లజ్జ పేరిట మన స్త్రీలు నెలల తరబడి నొప్పిని దిగమింగడం సరికాదు.

ఎక్కడికి వెళ్లాలన్నది తరువాతి ప్రశ్న. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ముందుగా మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొని, అక్కడ రూట్ కెనాల్ చేస్తారేమో అడగండి. లేకపోతే మహబూబ్‌నగర్‌లోని ఎస్.వి.ఎస్. దంతవైద్య కళాశాల, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడైనా సరే, తొడుగుతో కలిపి మొత్తం ఎంత అవుతుందో, ఎన్నిసార్లు రావాలో మొదటి రోజే తెలుసుకోండి. కూలి మానుకొని బస్సెక్కి వచ్చేవారికి ఈ లెక్క చాలా ముఖ్యం.

దేహం మన వద్దనున్న అమానతు. వుజూకు ముందు మిస్వాక్‌ను ప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో మదరసాలో పసిపిల్లలకు సైతం నేర్పుతాము. అయితే నొప్పి అంటే సూది వేస్తారని పిల్లలు దాచిపెడతారు. ఒకవైపే నమలడం, చల్లని నీరు వద్దనడం, అర్ధరాత్రి లేచి ఏడవడం దానికి గుర్తులు. పాలపళ్లే కదా, ఊడిపోతాయిలే అని ఉపేక్షించవద్దు. వాటిలోనూ చీము పడుతుంది. వాటికీ చికిత్స ఉంది. ఈ రాత్రి ఇషా నమాజు తరువాత టార్చి లైటు తీసుకొని మీ పిల్లల నోళ్లు తెరిపించి చూడండి. నల్లని చుక్క కనిపిస్తే, నొప్పి వచ్చేదాకా వేచి ఉండకండి.