దాచిన సొమ్ముకు దొంగ ఒక్కడేనా శత్రువు?



మీ ఇంట్లో డబ్బు ఎక్కడ దాస్తారు? నాకు చెప్పనక్కర్లేదు. బీరువాలో చీరల మడతలు, పోపుల డబ్బా, పరుపు కింద, అటక మీది ట్రంకు పెట్టె, దేవుడి పటం వెనక... మన ఇళ్లలో దాచే చోట్లు ఇంచుమించు ఇవే. వర్క్‌షాపు ఉన్నవాళ్లు పనిముట్ల పెట్టె అడుగున దాస్తారు. ఈ చోట్లన్నీ మనం దొంగను దృష్టిలో పెట్టుకొని ఎంచుకున్నవే. కాని సొమ్ముకు ఇంకా కొందరు శత్రువులున్నారు. వాళ్లకు తాళం అడ్డు కాదు. వాళ్లెవరో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2021 ఫిబ్రవరిలో కృష్ణా జిల్లాలో ఒక చిరువ్యాపారి తన ట్రంకు పెట్టె తెరిచాడు. ఇల్లు కట్టుకోవాలని కొన్నేళ్లుగా అందులో దాచుకున్న డబ్బు సుమారు 5 లక్షల రూపాయలు. తీరా చూస్తే నోట్లను చెదలు తినేశాయి. దొంగ రాలేదు, తాళం పగల్లేదు. మరి ఏం జరిగింది?

నోటు కాగితం పత్తిదే

మనం రాసుకునే కాగితం ఎక్కువగా కలప గుజ్జుతో తయారవుతుంది. మన కరెన్సీ నోటు కాగితం మాత్రం నూటికి నూరుపాళ్లు పత్తిది. అందుకే పొరపాటున చొక్కాతోపాటు నోటును ఉతికినా వెంటనే చిరిగిపోదు. అయితే పత్తి పోగులో దాదాపు అంతా సెల్యులోజే. వేలాది గ్లూకోజు అణువులు గొలుసులా కలిస్తే సెల్యులోజ్ అవుతుంది. ఆ గొలుసును మన కడుపు తెంచలేదు. చెదలు తెంచగలవు. కొన్ని జాతుల చెదల పేగుల్లో ఉండే ఏకకణ జీవులు ఆ పని చేసిపెడతాయి. మరికొన్ని జాతులు పుట్టలో ఒక రకం శిలీంధ్రాన్ని పెంచి, దాని సాయంతో సెల్యులోజ్‌ను ఆహారంగా మార్చుకుంటాయి. చెదకు 500 రూపాయల నోటూ పాత నోటుబుక్కూ ఒకటే.

ఇనప పెట్టె అయితే భయం లేదనుకోకండి. చెద ఇనుమును తొలవదు, తొలవాల్సిన అవసరమూ లేదు. మూత సందు, తుప్పు పట్టిన అడుగు చాలు. 2011లో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో ఒక బ్యాంకు శాఖలోనే, ఉక్కు పెట్టెలో ఉంచిన సుమారు కోటి రూపాయల నోట్లను చెదలు పాడుచేశాయి.

మిగిలిన ముక్కకు విలువెంత?

సగం తిన్న నోటును బ్యాంకు తీసుకుంటుందా? తీసుకుంటుంది, కాని కొలిచి తీసుకుంటుంది. 2018లో సవరించిన రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 50 రూపాయలు, ఆపై నోట్లలో మిగిలిన పెద్ద ముక్క 80 శాతానికి మించి ఉంటే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం ఉంటే సగం విలువ ఇస్తారు. 40 శాతం కంటే తక్కువైతే ఏమీ రాదు.

లెక్క చూద్దాం. ఇప్పటి 500 నోటు పొడవు 15 సెం.మీ., వెడల్పు 6.6 సెం.మీ.; వైశాల్యం 99 చదరపు సెం.మీ. ఒక చివర 4 సెం.మీ. మేర చెద తినేస్తే మిగిలేది 72.6 చదరపు సెం.మీ., అంటే 73 శాతం. చేతికి వచ్చేది 250 రూపాయలే. 10 సెం.మీ. పోతే మిగిలేది మూడో వంతు. అప్పుడు సున్నా.

తేమ, ఆమ్లం, గంధకం

పత్తికి తేమ పీల్చే గుణం ఉంది. వానాకాలంలో నోట్లను పాలిథిన్ సంచిలో బిగించి కడితే, ఆ తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. వర్క్‌షాపులో మరో ప్రమాదం బ్యాటరీ. అందులోని సల్ఫ్యూరిక్ ఆమ్లం సెల్యులోజ్ గొలుసును తెంచుతుంది. ఆ తుంపరలు తగిలిన నోటు ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది.

వెండికి గంధకం శత్రువు. గాలిలోని గంధకపు వాయువులు, రబ్బరు బ్యాండులోని గంధకం వెండిపై నల్లని సిల్వర్ సల్ఫైడు పొరను ఏర్పరుస్తాయి. దీన్ని మీరే పోగొట్టవచ్చు. గిన్నె అడుగున అల్యూమినియం రేకు పరిచి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోసి, రాళ్లూ ముత్యాలూ లేని వెండి వస్తువును రేకుకు తగిలేలా ఉంచండి. గంధకం అల్యూమినియం వైపు వెళ్లిపోతుంది, వెండి మళ్లీ మెరుస్తుంది.

బంగారం తుప్పు పట్టదు, చెదకు లొంగదు. కాని పాదరసం తగిలితే దానితో కలిసి తెల్లబడుతుంది. కాబట్టి పాత థర్మామీటరు ఉన్న సొరుగులో నగలు పెట్టకండి.

అన్నింటికంటే పెద్ద శత్రువు

మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మ ఆఖరి రెండేళ్లు మంచాన ఉంది, జ్ఞాపకం తప్పింది. ఆవిడ మందులకు ఒక నెల అప్పు కూడా చేశాం. ఆవిడ పోయాక 2018లో ఇల్లు సర్దుతుంటే మినప్పప్పు డబ్బా అడుగున ఒక గుడ్డమూట దొరికింది. అందులో 9 వెయ్యి రూపాయల నోట్లు. చెద ముట్టలేదు, తేమ తగలలేదు. కాని పెద్ద నోట్ల రద్దును ప్రకటించిన 2016 నవంబరు 8 రాత్రే ఆ నోట్ల చెలామణి ముగిసింది. ఆవిడ దాచింది మా అందరి కోసమే. ఎక్కడ దాచిందో మాలో ఒక్కరికి తెలిసినా ఆ డబ్బు ఆవిడ మందులకే పనికొచ్చేది.

కాబట్టి ఇంట్లో అత్యవసరానికి కావలసినంత డబ్బే ఉంచండి. గోడకూ నేలకూ తగలని చోట, పొడిగా ఉంచండి. వానలకు ముందూ తరువాతా తీసి చూడండి. మిగిలింది బ్యాంకులో వేసి, నామినీ పేరు రాయించండి. బ్యాంకు మూతపడినా ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. ఎక్కడ ఏముందో ఇంట్లో నమ్మకమైన మరొకరికి తప్పక తెలియాలి.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నలతో కూర్చుని ఈ మాట కదపండి. ఆపైన ఈ లెక్క చేయండి: ఇప్పటి 100 రూపాయల నోటు పొడవు 14.2 సెం.మీ. ఒక చివర 6 సెం.మీ. చెద తినేస్తే బ్యాంకు మీకు ఎంత ఇస్తుంది?