కళాశాల చదువునకు ధనసహాయము: లెక్క చూచుట, న్యాయము కోరుట

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన నాటినుండి కళాశాలలు తెరచు నాటివరకు గల కాలము గ్రామములలోని అనేక కుటుంబములకు కూడ పరీక్షాకాలమే. బిడ్డను ఏ కళాశాలలో చేర్పవలెను, అందుకు సొమ్ము ఎట్లు సమకూరును అను రెండు ప్రశ్నలు ఆ ఇండ్లలో రాత్రింబవళ్లు నలుగుచుండును. ఆ దినములలోనే కళాశాలల ప్రతినిధులు ఊరూరికి వచ్చి, తమ సంస్థలో ఉపకారవేతనము కలదనియు, బ్యాంకు ఋణము తామే ఇప్పింతుమనియు చెప్పుచుందురు. తల్లిదండ్రులు తుదకు సలహాకై వచ్చునది సర్పంచి యొద్దకో, వార్డు సభ్యుని యొద్దకో. కావున ఈ విషయములను పంచాయతీ సభ్యులు చక్కగా తెలిసికొనియుండుట అవసరము. సహాయములలో ఏది ఎక్కువ మేలో లెక్కించు విధమును, సహాయము నిరాకరింపబడినపుడు తిరిగి కోరు మార్గములను ఇచట వివరించుచున్నాము.

సహాయము మూడు విధములు

కళాశాల చదువునకు లభించు సహాయమును మూడుగా విభజింపవచ్చును.

మొదటిది తిరిగి చెల్లింపనక్కరలేని ప్రభుత్వ సహాయము. మెట్రిక్ అనంతర ఉపకారవేతనములను భారత ప్రభుత్వము 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకై ప్రారంభించినది. తరువాతి కాలములో ఇతర వర్గములకును ఇట్టి సహాయము విస్తరించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోధనా రుసుము వాపసు పథకము విరివిగా అమలులోనికి వచ్చి, 2014లో తెలంగాణ ఏర్పడిన పిదప కూడ కొనసాగుచున్నది. దీనినే జనులు ఫీజు రీయింబర్సుమెంటు అని వ్యవహరించుచున్నారు. దీనికి తోడు విద్యార్థి భోజన వసతులకు ఇచ్చు నిర్వహణ భృతి వేరుగా కలదు.

రెండవది కళాశాల తనంతట తాను ఇచ్చు తగ్గింపు. దీనికి కళాశాలయే నియమములు ఏర్పరచును. మరుసటి సంవత్సరము దానిని మానుకొనవచ్చును కూడ.

మూడవది బ్యాంకు ఋణము. ఇది ఎంత సులభముగా లభించినను వడ్డీతో తీర్చవలసిన అప్పు. కరపత్రములలో ఈ మూడింటిని కలిపి ఒకే మొత్తముగా చూపుట కద్దు. ముందుగా వాటిని విడదీసి వ్రాసికొనుట మొదటి పని.

ఒక లెక్క

ఊహించిన ఒక ఉదాహరణముతో ఈ విషయమును పరిశీలింతము. వెనుకబడిన తరగతికి చెందిన రైతుబిడ్డ ఒకతెకు ఎప్‌సెట్ పరీక్షలో 22,000వ ర్యాంకు వచ్చినదనుకొనుడు. ఇంజనీరింగు చదువునకు కన్వీనరు కోటాలో రెండు ప్రైవేటు కళాశాలలలో దేనియందైనను చేరు వీలున్నది.

నగరములోని కళాశాల వార్షిక ఫీజు రు. 1,00,000. ఫీజు వాపసు పథకము క్రింద వెనుకబడిన తరగతుల వారికిని, ఆర్థికముగా వెనుకబడిన వారికిని ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో రు. 35,000 వరకే లభించును. 10,000 లోపు ర్యాంకు వచ్చిన వారికి మాత్రము పూర్తి ఫీజు లభించును. కావున ఈ బాలిక ఏటేట రు. 65,000 చేతినుండి కట్టవలెను. హాస్టలు వ్యయము రు. 80,000. మొత్తము రు. 1,45,000. కళాశాల తాను రు. 15,000 ప్రతిభా ఉపకారవేతనము ఇత్తునని చెప్పినది. విచారింపగా అది మొదటి సంవత్సరమునకే అని తేలినది. నాలుగేండ్లకు కుటుంబముపై పడు భారము రు. 5,65,000.

జిల్లా కేంద్రము సమీపమునగల రెండవ కళాశాల ఫీజు రు. 45,000. వాపసు పోగా మిగులునది రు. 10,000. ఇంటినుండి పోయి వచ్చుటకు బస్సు ఖర్చు రు. 25,000. ఈ కళాశాల ఏ ఉపకారవేతనమును ప్రకటింపలేదు. అయినను నాలుగేండ్ల భారము రు. 1,40,000 మాత్రమే. రెంటికిని గల భేదము రు. 4,25,000.

సహాయము ఇత్తుమని చెప్పిన కళాశాలయే ఎక్కువ భారమైనట్లు ఇందువలన తెలియుచున్నది. కావున ఎంత ఇచ్చుచున్నారని కాక, అన్నియు పోగా మన ఇంటినుండి ఎంత కట్టవలెనని అడుగవలెను; ఒక్క సంవత్సరమునకు కాక చదువు ముగియువరకు లెక్కింపవలెను. అట్లని చౌకయైన కళాశాలయే మేలని ఎంచరాదు. ఆ కోర్సునకు ఎన్.బి.ఏ. గుర్తింపు కలదా, అందు చదివినవారు ఎందరు ఉత్తీర్ణులగుచున్నారు, ఎందరికి ఉద్యోగములు లభించినవి అను సంగతులను, అక్కడ చదువుచున్న మన మండలపు పిల్లలను అడిగి తెలిసికొనవలెను. ఆ భేదము అంత సొమ్మునకు తగినదేనా అని నిర్ణయించుకొనుట కుటుంబము పని.

మరియొక హెచ్చరిక. యాజమాన్య కోటాలో చేరినవారికి ఫీజు వాపసు లభింపదు. సీటు ఖాయమని తొందరపడి ఆ కోటాలో చేరి, పిదప చింతించిన కుటుంబములు కలవు. గ్రామీణ ప్రాంతములలో వెనుకబడిన తరగతుల వారికి వార్షికాదాయము రు. 1,50,000 మించకుండవలెనను నియమము కూడ కలదు. ఆదాయ పరిమితులును, దరఖాస్తు గడువులును ఆ యేటి ఉత్తరువులలో తప్పక చూచుకొనవలెను.

అప్పు వలన కలుగు భారము

నాలుగేండ్లపాటు ప్రతి సంవత్సరారంభమున రు. 1,00,000 చొప్పున నూటికి 10 వడ్డీపై ఋణము తీసికొనినచో, చదువు ముగిసిన ఒక యేటికి సాధారణ వడ్డీయే రు. 1,40,000 అగును. అనగా వాయిదాలు ఆరంభమగునాటికి అప్పు రు. 5,40,000. చదువుకాలమునకు తోడు ఒక సంవత్సరము గడువిచ్చి, ఆ తరువాత 15 సంవత్సరముల వరకు వాయిదాలలో తీర్చునట్లు బ్యాంకుల ఆదర్శ పథకము ఏర్పడియున్నది. రు. 7,50,000 వరకు ఆస్తి తాకట్టు లేకయే, తల్లిదండ్రుల సహ సంతకముతో ఋణము ఈయవచ్చును.

ఈ వడ్డీభారమును తగ్గించు పథకములు కేంద్ర ప్రభుత్వమునందు కలవు. వార్షికాదాయము రు. 4,50,000 లోపుగల కుటుంబముల విద్యార్థులు గుర్తింపుగల సంస్థలలో సాంకేతిక, వృత్తి విద్యలు అభ్యసించుచున్నచో, చదువుకాలపు వడ్డీని ప్రభుత్వమే భరించును. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపికయైన ఉన్నత సంస్థలలో చేరినవారికి తాకట్టు లేకుండ, హామీదారు లేకుండ ఋణము లభించును. రు. 8,00,000 లోపు ఆదాయముగల వారికి రు. 10,00,000 వరకు ఋణముపై నూటికి 3 చొప్పున వడ్డీ తగ్గింపు కూడ కలదు. అయితే ఏటేట లబ్ధిదారుల సంఖ్యకు పరిమితి యున్నది. ఈ రాయితీ తమకు వర్తించునా యని ఋణ పత్రములపై సంతకము చేయుటకు పూర్వమే బ్యాంకులో అడుగవలెను.

నిరాకరించినచో ఏమి చేయవలెను?

లేదనిన మాటతో విషయము ముగిసినదని మన గ్రామీణులు ఇంటికి మరలుచుందురు. పెక్కు సందర్భములలో ఆ మాట తుది నిర్ణయము కాదు. కారణము వ్రాతమూలకముగా కోరుట, గడువులోపల పై అధికారికి విన్నవించుట, ప్రతి అర్జీకి రసీదు పొందుట అను మూడు నియమములను పాటించినచో పోయినదనుకొన్న సహాయము తిరిగి లభింపవచ్చును.

ఫీజు వాపసు దరఖాస్తులు ఆగిపోవుటకు తరచుగా కారణములు చిన్నవే. పదవ తరగతి పత్రములో ఒక విధముగను, ఆధారు కార్డులో మరియొక విధముగను పేరుండుట. బ్యాంకు ఖాతాకు ఆధారు జతపడకుండుట. హాజరు నూటికి 75 కంటె తగ్గుట. ఏటేట చేయవలసిన నవీకరణ మరచుట ఇట్టివి. ముందుగా కళాశాలలోను, పిదప జిల్లాలోని సంబంధిత సంక్షేమ అధికారి కార్యాలయమునందును విచారింపవలెను. అచట పని జరుగనిచో సోమవారము కలెక్టరు కార్యాలయమున జరుగు ప్రజావాణిలో అర్జీ ఈయవచ్చును.

కుటుంబ పరిస్థితి మారినపుడు పాత ఆదాయపత్రముతోనే ఊరకుండరాదు. సంపాదించు తండ్రి మరణించినను, జబ్బుపడి పనికి పోలేకపోయినను నేటి ఆదాయమును తెలుపు క్రొత్త ధృవపత్రమునకు మీసేవలో దరఖాస్తు చేయవలెను. ఆ పత్రము లేకపోవుట వలననే, అర్హత కలిగియు సహాయము పొందలేని పిల్లలు కలరు.

బ్యాంకు ఋణము నిరాకరించినచో కారణమును కాగితముపై కోరవలెను. విద్యాఋణ దరఖాస్తును పై అధికారి సమ్మతి లేక శాఖాధికారి త్రోసివేయరాదు. మీ ఊరు మా శాఖ పరిధిలో లేదనుట తగిన కారణము కాదని రిజర్వు బ్యాంకు 2012లో స్పష్టపరచినది. బ్యాంకునకు వ్రాసిన ఫిర్యాదుకు 30 దినములలో సమాధానము రాకున్నను, వచ్చిన సమాధానము తృప్తికరముగా లేకున్నను రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు మొరపెట్టుకొనవచ్చును. అందుకు రుసుము లేదు.

ప్రభుత్వ నిధుల విడుదలలో జాప్యము కలిగినపుడు కొన్ని కళాశాలలు ఆ సొమ్మును విద్యార్థులనుండి కోరుటయు, ధృవపత్రములు నిలుపుటయు జరుగుచున్నది. కళాశాలలు అసలు పత్రములను పరిశీలించి వెంటనే తిరిగి ఈయవలెననియు, తమయొద్ద ఉంచుకొనరాదనియు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో ప్రకటించినది. నిర్ణయించిన ఫీజుకు మించి విరాళము గుంజుట 1983 నాటి చట్టము ప్రకారము నేరము. ఇట్టి ఫిర్యాదులను విశ్వవిద్యాలయమునకును, ఫీజుల నియంత్రణ సంఘమునకును పంపవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ఈ విషయములో పంచాయతీకి పెద్ద వ్యయము లేదు. ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్న పిల్లల జాబితాను జనవరిలోనే వ్రాసికొని, కుల, ఆదాయ ధృవపత్రములు, ఆధారు, బ్యాంకు ఖాతాలలో పేర్లు సరిపోవుచున్నవో లేదో చూచినచో, వేసవిలో సగము కష్టము తగ్గును. దరఖాస్తు గడువులను పంచాయతీ నోటీసు పలకపై వ్రాయింపవచ్చును. గ్రామసభలో చదివి వినిపింపవచ్చును. మన ఊరినుండి వెళ్లి కళాశాలలలో చదువుచున్న విద్యార్థులను ఒక ఆదివారము పిలిచి, ఫీజు ఎంత, హాస్టలు ఎంత, ఇత్తుమన్న తగ్గింపు రెండవ యేట ఇచ్చిరా అని అడిగినచో తల్లిదండ్రులకు అంతకంటె మంచి సమాచారము మరియొకచోట దొరకదు.

పొలము కొనునపుడు గట్లు కొలిచి, పాసుపుస్తకము చూచి, నలుగురిని విచారించి కాని మనవారు బయానా ఈయరు. నాలుగేండ్ల చదువు కూడ అట్టి బేరమే. ఆ కొలత కొలుచుటకు చదువురాని తల్లిదండ్రులకు తోడుగా కూర్చుండి ఒక కాగితముపై లెక్క వ్రాసి చూపు సభ్యుడు ఊరికి ఒక్కడున్నను చాలును. ఈ సంవత్సరము ప్రవేశములు ఆరంభము కాకమునుపే ఆ కాగితములు సిద్ధము కావలెనని కోరుచున్నాము.