విశ్రాంతీ ఆరాధనే

తిరుమల శ్రీనివాసుని నిత్యసేవలు సుప్రభాతంతో మొదలై ఏకాంత సేవతో ముగుస్తాయి. రాత్రి పొద్దుపోయాక భోగశ్రీనివాసమూర్తిని పాన్పుపై పవళింపజేసి, పాలు, పండ్లు నివేదిస్తారు. తాళ్లపాక వంశీయుల జోలపాటనూ, తరిగొండ వెంగమాంబ పేరిట సమర్పించే ముత్యాల హారతినీ అందుకొని స్వామి శయనిస్తాడు. ధనుర్మాసంలో ఈ సేవ శ్రీకృష్ణ విగ్రహానికి జరుగుతుంది. క్యూలైన్లలో వేలాదిమంది భక్తులు నిరీక్షిస్తున్నా స్వామికి ఏకాంత సేవ ఉంటుంది.

లోకాలనేలే దేవదేవుడికి నిద్ర అవసరమా అన్న సందేహం మీకు కలగవచ్చు. పరమాత్మకు అలసట లేదు. అయినా ఆలయంలో మేల్కొలుపుకొక వేళ, నివేదనకొక వేళ, పవళింపుకొక వేళ ఉన్నాయి. ఆ వేళలను పాటించడమూ సేవే. నిత్యం కొలిచే దైవానికి చేసే ఈ ఉపచారాల్లో మన దినచర్యకు కావలసిన పాఠం ఉంది.

పూరీ క్షేత్రంలో ఈ పాఠం మరింత స్పష్టంగా వినిపిస్తుంది. జ్యేష్ఠ పూర్ణిమనాడు జగన్నాథ, బలభద్ర, సుభద్రలకు 108 కలశాల జలంతో అభిషేకం చేస్తారు. ఆ స్నానం వల్ల స్వామికి జ్వరం సోకుతుందని అక్కడి సంప్రదాయం. ఆనాటి నుంచి దాదాపు పక్షం రోజులపాటు భక్తులకు మూలమూర్తుల దర్శనం ఉండదు. ఆ రోజులను ‘అణసర’ అంటారు. వండిన భోగాలకు బదులు పండ్లు నివేదిస్తారు. దైతాపతులనే సేవకులు మూలికల ఔషధాలతో స్వామికి ఉపచారాలు చేస్తారు. స్వస్థత చేకూరాక నవయౌవన దర్శనం, ఆపైన జగత్ప్రసిద్ధమైన రథయాత్ర. ఏడాదిలోకెల్లా పెద్ద ప్రయాణానికి ముందు జగన్నాథుడంతటివాడు పక్షం రోజులు విశ్రమిస్తాడన్నమాట.

ఇప్పుడొకసారి మన ఇళ్లవైపు చూడండి. ఒళ్లు కాలిపోతున్నా పొయ్యి వెలిగించే ఇల్లాలు కనిపిస్తుంది. పండుగనాడు చీకటితోనే లేచి, ఉపవాసంతో నైవేద్యం వండి, అందరికీ వడ్డించి, పొద్దు వాలాక చల్లారిన మెతుకులు తినే తల్లి కనిపిస్తుంది. ఇంటికి చేరినా ఆఫీసు పని విడవక, అర్ధరాత్రి దాకా ఫోనుకు కళ్లప్పగించిన కొడుకు కనిపిస్తాడు. స్వామికి జ్వరం వస్తే గర్భాలయ దర్శనమే ఆపుతాం. అమ్మకు జ్వరం వస్తే వంట ఆగకూడదనుకుంటాం! దేహాన్ని దేవాలయంతో పోల్చడం మనకు కొత్త కాదు. ఆ ఆలయానికి మాత్రం ఏకాంత సేవ లేకుండా చేస్తున్నాం.

తన గురించి తాను పట్టించుకోవడం స్వార్థమేమోనన్న సంకోచం చాలామందిలో ఉంటుంది. ఆ సంకోచానికి గీతాచార్యుడు ఆరో అధ్యాయంలోనే సమాధానం చెప్పాడు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రించేవాడికీ, నిద్ర మానుకునేవాడికీ యోగం సిద్ధించదన్నది ఆయన బోధ. ఆహారం, విహారం, పని, నిద్ర, మెలకువ అన్నీ తగిన పాళ్లలో ఉన్నప్పుడే ఆ యోగం దుఃఖాన్ని తొలగిస్తుందన్నాడు. భోగలాలసతో పాటు మితిమీరిన కాయక్లేశాన్నీ భగవంతుడు వారించాడని గమనించండి. సమత్వమే యోగమైనప్పుడు, ఆ సమత్వం మొదట కంచం దగ్గర, పడక దగ్గర అలవడాలి.

ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత మరో సూక్ష్మం చెప్పింది. సూత్రస్థానం ఏడో అధ్యాయంలో, ఆపకూడని సహజ వేగాలు పదమూడింటిని పేర్కొన్నది. ఆకలి, దప్పిక, నిద్ర, కన్నీరు, శ్రమవల్ల వచ్చే ఆయాసం వాటిలో ఉన్నాయి. అదే అధ్యాయంలో ఆపవలసిన వేగాలనూ చెప్పింది. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య అటువంటివి. నేటి జీవనం ఈ రెండు జాబితాలనూ తారుమారు చేసింది. ఆకలిని వాయిదా వేస్తున్నాం, నిద్రను అణచుకుంటున్నాం, కన్నీటిని దిగమింగుతున్నాం. క్రోధానికీ ఆశకూ మాత్రం పగ్గాలు వదిలేస్తున్నాం. వేళకు తినని మనిషి చిన్న మాటకే కస్సుమంటాడు. నిద్రలేని తల్లి పసివాడిమీద చేయి చేసుకొని, ఆ వెంటనే తానే కుమిలిపోతుంది. దేహానికి దక్కని శాంతి ఇంటిల్లిపాదికీ కరవవుతుంది.

ఇందుకు పెద్ద వ్రతాలేవీ అక్కర్లేదు. పడుకునే వేళను నిర్ణయించుకోండి. ఆ వేళకు ఫోనును చేతికందనంత దూరంలో ఉంచండి. కూర్చొని, వేడిగా ఉండగానే భోజనం చేయండి. సంధ్యవేళ దీపం పెట్టాక పది నిమిషాలైనా మౌనంగా కూర్చోండి. ఉపవాసం ఆరోగ్యానికి సరిపడనినాడు పండో పాలో తీసుకోండి. అందువల్ల భక్తికి లోటు రాదు. అలసట, నిద్రలేమి వారాల తరబడి వీడకపోతే వైద్యుణ్ని సంప్రదించండి.

అన్నిటినీ మించి, విశ్రాంతి ఒక్కరి ప్రయత్నంతో దొరికేది కాదు. స్వామిని నిద్రపుచ్చడానికి అర్చకులు ఉన్నారు. జ్వరం వేళ కనిపెట్టుకొని ఉండటానికి దైతాపతులు ఉన్నారు. మీ ఇంట్లో అమ్మకు ఎవరున్నారు? వచ్చే పండుగనాడు నైవేద్యం పెట్టిన వెంటనే ఆమెను పీట మీద కూర్చోబెట్టి, మొదటి విస్తరి ఆమెకు వేయండి. వడ్డన మీరు చేయండి. ఆ పూట మీరు చేసిన పూజలో అదీ ఒక ఉపచారమే.