ఆవేశానికీ చిల్లర లెక్క

షార్జాలో మా ఫ్లాట్‌లో కార్పెట్ మీద నడిచొచ్చి తలుపు పిడి పట్టుకుంటే ఒక్కోసారి వేలు చురుక్కుమంటుంది. మొన్న మా అమ్మాయి చెయ్యి విదిలించుకుంటూ, "అమ్మా, కరెంటు ఎంత తక్కువైనా ఉండొచ్చా?" అని అడిగింది.

కుదరదు. విద్యుదావేశానికి ఒక చిల్లర నాణెం ఉంది.

ఇక్కడ దిర్హమ్‌కి 100 ఫిల్సులైనా, కొట్లో మన చేతికొచ్చే చిన్న నాణెం సాధారణంగా 25 ఫిల్సే. పదిమంది జేబుల్లో చిల్లర లెక్కేస్తే 50, 75, 125... అన్నీ 25 గుణిజాలే. నాణేన్ని చూడకుండానే దాని విలువ చెప్పేయొచ్చు.

1909లో షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిలికన్, ఆయన విద్యార్థి హార్వీ ఫ్లెచర్ మొదలుపెట్టిన ప్రయోగం ఇలాంటిదే. రెండు లోహపు పలకల మధ్య నూనె తుంపరలు వదిలి, మైక్రోస్కోపులో చూశారు. తుంపర కిందికి జారే వేగాన్ని బట్టి దాని బరువు, అది పడకుండా ఆపడానికి కావలసిన వోల్టేజిని బట్టి దాని ఆవేశం లెక్కగట్టారు. ఏ తుంపరకైనా వచ్చిన విలువ ఒకే చిన్న మొత్తానికి ఇన్ని రెట్లు అన్నట్టే ఉంది. ఆ మొత్తమే ఎలక్ట్రాన్ ఆవేశం.

అదెంత చిన్నదంటే, ఫోను ఒక ఆంపియర్‌తో ఛార్జ్ అవుతుంటే సెకనుకి దాదాపు 6 పక్కన 18 సున్నాలన్ని ఎలక్ట్రాన్లు సాగుతాయి. దూరం నుంచి ఇసుక దిబ్బ నున్నగా కనిపించినట్టే, మనకి కరెంటు ధారలా అనిపిస్తుంది.

ప్రోటాన్ లోపలి క్వార్కులకి మూడో వంతు, మూడింట రెండు వంతుల ఆవేశాలున్నా, అవి విడిగా బయటికి రావు. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువు. అయినా ప్లస్, మైనస్ తేడా తప్ప రెండింటి ఆవేశమూ సమానమే. అందుకే పరమాణువులో అవి సరిగ్గా చెల్లిపోతాయి.

"ఫిల్సుల్ని ప్రభుత్వం నిర్ణయించింది. మరి దీన్నెవరు నిర్ణయించారు?" అంది. డిగ్రీలో సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, నేనెప్పుడూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

1931లో పాల్ డిరాక్ ఒక దారి చూపించాడు. ఉత్తరమో దక్షిణమో ఒకే ధ్రువం ఉన్న అయస్కాంత కణం విశ్వంలో ఒక్కటున్నా చాలు, క్వాంటం సిద్ధాంతం ప్రకారం ఆవేశం చిల్లరగానే ఉండి తీరాలి. మామూలు అయస్కాంతాన్ని విరిస్తే ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలూ వస్తాయి. ఒంటి ధ్రువం కోసం సెర్న్‌లో వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.

"అంటే అసలు కారణం ఇంకా ఎవరికీ ఖాయంగా తెలీదమ్మా" అన్నాను. పుస్తకంలో జవాబు లేని ప్రశ్న ఉంటుందని దానికి అదే మొదటిసారి తెలియడం. కాసేపు ఆలోచించి, ఫ్రిజ్ మీది అయస్కాంతం విరిచి చూస్తానని లేచింది. నేను ఆపలేదు.