గాజుముక్క చెప్పే కొలత

అమ్మ గాజు చిట్లింది. అదే కొలత గాజులు తేవాలి. ఎలాగ?

ముక్కల్లో పెద్దదాన్ని, చేయి తెగకుండా, కాగితంమీద ఉంచి లోపలి అంచు వెంట గీయండి. ఈ వంపుగీత చాపం, అంటే విల్లు. దాని కొనలను కలిపే గీత జ్యా, అంటే వింటినారి. పేర్లు ఎంత బాగా కుదిరాయో!

చాపం నడుమ చుక్క పెట్టి, అక్కడినుంచి రెండు కొనలకూ మరి రెండు జ్యాలు గీయండి. ఒక్కొక్క జ్యా మధ్యబిందువు నుంచి లంబం గీయండి. వృత్తకేంద్రం ఏ జ్యాకైనా రెండు కొనలనుంచీ సమదూరంలో ఉంటుంది గనక, ఈ లంబాలు దానిగుండా పోక తప్పదు. అవి కలిసినచోటే కేంద్రం.

అక్కడినుంచి చాపానికి ఉన్న దూరం వ్యాసార్ధం. అది 1¼ అంగుళాలైతే వ్యాసం 2½. వృత్తలేఖిని ముల్లు కేంద్రంలో గుచ్చి తిప్పితే పరిధి పూర్తవుతుంది. ముక్క మరీ చిన్నదైతే మాత్రం, లంబం వెంట్రుకవాసి ఒరిగినా కేంద్రం ఎక్కడికో జరిగిపోతుంది.

ఇక గాజుల దుకాణానికి వెళ్ళి, "రెండున్నర ఇవ్వండి" అనడమే!