పాలధార ముందు, ఆకలి వెనుక

ఈనిన ఆవుకు దాణా తగ్గనీయరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పేవారు. ఉలవలు, తవుడు, తెలకపిండి ఆ దినాలలో పాడిపశువు తొట్టిలో ప్రత్యేకంగా చేరేవి. ఈ జాగ్రత్త వెనుక గల శరీరధర్మాన్ని గ్రహించడానికి కెనడాలోని హోల్‌స్టీన్ ఆవు చక్కని ఉదాహరణ. ఒంటారియో, క్విబెక్ పాడిక్షేత్రాలలో అధికంగా కనిపించే నలుపు తెలుపు మచ్చల ఆవు ఇదే.

ఆవు ఈనిన నాటి నుండి వట్టిపోయే వరకు గల కాలాన్ని పాడికాలం అనవచ్చు. లెక్కల సౌలభ్యం కోసం శాస్త్రజ్ఞులు దీనిని 305 దినాలుగా పరిగణిస్తారు. ఈ కాలంలో పాల దిగుబడి, మేత పరిమాణం, శరీర భారం నిరంతరం మారుతూ ఉంటాయి. కాని ఈ మూడూ ఒకే విధంగా నడవవు. పాల దిగుబడి సాధారణంగా 6-8 వారాలకే శిఖరాన్ని చేరుకుంటుంది. ఆకలి మాత్రం 10-14 వారాలకు గాని పూర్తి స్థాయికి రాదు. ఈ నడుమ ఏర్పడే లోటును ఆవు తన శరీరం నుండే పూరించుకోవాలి.

ఆ లోటు ఎంతటిదో ఒక చిన్న లెక్క ద్వారా చూద్దాం. 650 కిలోల ఆవు నాల్గవ వారంలో దినానికి 36 కిలోల పాలు ఇస్తున్నదనుకొందాం. కిలో పాలలో సుమారు 0.7 మెగాకేలరీల శక్తి ఉంటుంది. (మెగాకేలరీ అనగా ఆహార పొట్లాలపై మనం చదివే కేలరీలు వెయ్యి.) అంటే పాలకు 25, దేహపోషణకు మరో 10, వెరసి 35 మెగాకేలరీలు కావాలి. తేమ తీసివేసి లెక్కిస్తే ఆ ఆవు తినగలిగిన మేత 18 కిలోలు. అందులో లభించేది సుమారు 30 మెగాకేలరీలు. మిగిలిన 5 మెగాకేలరీల కోసం దినానికి దాదాపు ఒక కిలో దేహనిల్వలు కరగవలసి ఉంటుంది.

రసాయన శాస్త్ర దృష్టిలో చిక్కంతా గ్లూకోజు వద్ద ఉంది. పాలలోని చక్కెర అయిన లాక్టోజు గ్లూకోజు నుండే తయారవుతుంది. 36 కిలోల పాలలో అది సుమారు 1.7 కిలోలు. నెమరువేసే జంతువులకు మేత నుండి నేరుగా లభించే గ్లూకోజు స్వల్పం. మేత మొదటి పొట్టలో పులిసినప్పుడు పుట్టే ప్రొపియోనిక్ ఆమ్లం నుండి కాలేయం దానిని ప్రధానంగా తయారు చేస్తుంది. మేత చాలనప్పుడు ప్రొపియోనిక్ ఆమ్లమూ తగ్గుతుంది. అదే సమయంలో కరిగిన కొవ్వు కాలేయాన్ని ముంచెత్తుతుంది. పూర్తిగా దహనం కాని కొవ్వు కీటోన్లుగా మారుతుంది. ఈ స్థితినే కీటోసిస్ అంటారు. అప్పుడు ఆవు ఊపిరిలో గోళ్ళరంగు తుడిచే ద్రవంలోని ఎసిటోన్ వాసన రావచ్చు. ఆకలి ఇంకా మందగించి, లోటు మరింత పెరుగుతుంది.

అట్లని ఈనడానికి ముందే ఆవును విపరీతంగా బలపరచడం పరిష్కారం కాదు. అతిగా కొవ్వెక్కిన ఆవు ఈనిన తరువాత తక్కువ తింటుంది, కీటోసిస్‌కు సులభంగా లోనవుతుంది. తూకాన్ని మాత్రమే నమ్మినా చాలదు. మేత పెరిగేకొద్దీ పొట్టలోని బరువు పెరిగి, కొవ్వు తరుగును కప్పిపుచ్చుతుంది. అందుచేత వెన్నెముకను, తోక మొదలును తడిమి 1 నుండి 5 వరకు అంకె వేసే పద్ధతి వాడుకలో ఉంది. పాడికాలం మధ్య నుండి పాలు క్రమంగా తగ్గుతాయి. ఆవు పోగొట్టుకొన్న భారాన్ని తిరిగి పొందుతుంది. తరువాతి ఈతకు ముందు సుమారు 60 దినాలు పాలు పితకకుండా విశ్రాంతినిస్తారు.

ఈ సమతూకం కెనడాలో ప్రభుత్వ నిర్ణయానికి కూడా సంబంధించిన విషయమైంది. పాల దిగుబడిని పెంచే కృత్రిమ హార్మోను ఆర్‌బీఎస్టీని అమెరికా 1993లో అనుమతించింది. ఆ సూది వేసినప్పుడు కూడా ముందు పాలు పెరుగుతాయి. మేత కొన్ని వారాల తరువాత గాని పెరగదు. 1999 జనవరిలో కెనడా ఆరోగ్యశాఖ దానిని తిరస్కరించింది. మానవారోగ్యానికి గణనీయమైన ముప్పు లేదని ఒక నిపుణుల సంఘం తేల్చినా, పశువైద్య నిపుణులు పొదుగువాపు ముప్పు 25 శాతం వరకు, చూడి కట్టకపోవడం 18 శాతం, కుంటితనం 50 శాతం వరకు పెరుగుతాయని తెలిపారు. పశువు ఆరోగ్యమే తిరస్కృతికి కారణమైంది.

మన పిల్లలు ప్రతి ఉదయం తాగే గ్లాసెడు పాలు మేత నుండే కాక, కొంత కాలం ఆవు శరీరం నుండి కూడా వస్తాయి. ఆ అప్పు తీర్చుకొనే వ్యవధి ఆవుకు లభించినప్పుడే పాడి నిలుస్తుంది.