నీరు, పీచు, మూత్రపిండములు

జనగామ మెట్టచేలలోను, మహబూబాబాద్ మిరప తోటలలోను, భూపాలపల్లి బొగ్గు గనుల చుట్టుప్రక్కలను పనిచేయువారికి నీటి విలువను ఒకరు చెప్పనక్కరలేదు. నడివేసవి ఎండలో కాయకష్టము చేయు మనిషి ఒంటి నుండి గంటకు 1 లీటరు వరకు చెమట పోగలదు. కనుకనే "నీళ్ళు బాగా త్రాగుము" అను మాట ఇంట పెద్దల నోట, బడిలో ఉపాధ్యాయుల నోట తరచు వినబడుచుండును. ఆరోగ్యవంతునికి ఇది మంచి మాటయే. కాని మూత్రపిండముల శక్తి తగ్గినవానికి ఇదే మాట ఒక దశలో మేలు చేయును, మరియొక దశలో ప్రాణము మీదికి తెచ్చును. పీచు పదార్థము సంగతియు ఇట్టిదే. ఈ తేడా ఎందువలన కలుగుచున్నదో తెలియవలెనన్న, మూత్రపిండము చేయు పని యేమో మొదట చూడవలెను.

వడపోత యంత్రము

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల చిక్కుడు గింజ ఆకారములో నుండును. ఒక్కొక్కటి పిడికిలి పరిమాణము గలది. బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవములే అయినను, గుండె పంపు రక్తములో దాదాపు అయిదవ వంతు వీటికే పోవుచున్నది. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు 10 లక్షల నెఫ్రానులు కలవు. ప్రతి నెఫ్రాను మొదట సన్నని రక్తనాళముల ఉండ యొకటి యుండును. అచట రక్తములోని నీరు, దానిలో కరిగిన పదార్థములు వడగట్టబడి గొట్టములోనికి దిగును. ఈ విధముగా రోజుకు 180 లీటర్ల ద్రవము వడపోయబడుచున్నది. మన శరీరములోని నీరంతయు కలిసినను 40 లీటర్లకు అటు ఇటుగా ఉండును. అనగా అదే నీరు దినమునకు నాలుగైదు మారులు వడపోతకు వచ్చుచున్నదన్నమాట. ఇందులో 178 లీటర్లకు పైగా తిరిగి రక్తములో చేరును. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లు మూత్రముగా వెలువడును. పండుగకు ముందు ఇల్లు శుభ్రము చేయు గృహిణి సామానంతయు వాకిట పెట్టి, కావలసినవి లోనికి తెచ్చుకొని, చెత్తను పారవేయును. మూత్రపిండము చేయునదియు ఈ పనియే.

మధుమేహము, రక్తపు పోటు, మూత్రపిండములలో రాళ్ళు, వైద్యుని అడుగక వాడు నొప్పి బిళ్ళలు మొదలగు కారణములచే నెఫ్రానులు నశించును. నశించిన నెఫ్రాను మరల పుట్టదు. మిగిలినవే అదనపు పనిని మీద వేసికొనును. అందుచేత సగము శక్తి పోవువరకు రోగికి బాధ యేమియు తెలియకపోవచ్చును. రక్తములోని క్రియాటినిన్ అంకె కూడ అంతవరకు పెద్దగా పెరుగదు. నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్లు వడపోయబడుచున్నవో అదియే మూత్రపిండముల శక్తికి కొలత. యౌవనములో ఇది 100కు పైబడి యుండును. 3 నెలలకు మించి 60 కంటె తక్కువగా నున్నచో దానిని దీర్ఘకాలిక వ్యాధి యందురు. 15 కంటె తగ్గినచో మూత్రపిండములు విఫలమైనట్లే.

తెలుగు నేలపై ఈ వ్యాధి పేరు చెప్పగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానము గుర్తుకు వచ్చును. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ నున్న కవిటి, సోంపేట, కంచిలి మొదలగు మండలములలో మధుమేహము లేని సేద్యగాండ్రు సైతము పెద్ద సంఖ్యలో దీని పాలగుచున్నారు. వీరి కొరకు 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినది. మూల కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. ఎండలో పనిచేసి మరల మరల ఒంటి నీరు కోల్పోవుటయు కారణములలో ఒకటి కావచ్చునని మధ్య అమెరికాలోని చెరకు కూలీలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అనుమానించుచున్నారు. కారణ మేదైనను, శక్తి తగ్గిన పిమ్మట నీటి లెక్క అందరికి ఒక్కటే.

ఒకే వ్యాధి, రెండు నీటి లెక్కలు

శరీరము రోజును బయటికి పంపవలసిన యూరియా, లవణములు మొదలగు వాటి మొత్తమును మిల్లీఆస్మోలులలో కొలుతురు. ఇది సుమారు 600 అనుకొందము. ఆరోగ్యవంతుని మూత్రపిండము అవసరమైనపుడు మూత్రమును బాగుగా చిక్కపరచి, లీటరుకు 1200 వరకు నింపగలదు. కనుక ఆ 600ను వెడలగొట్టుటకు అతనికి అర లీటరు మూత్రము చాలును. నీరు దొరకని పొలములో సాయంకాలము వరకు అతడు నిలువగలుగుట ఈ శక్తివలననే.

నెఫ్రానులు తగ్గిన కొలది మొదట నశించునది ఈ చిక్కపరచు శక్తియే. క్రమముగా మూత్రము రక్తమంత పలుచనగా, లీటరుకు 300 దగ్గర నిలిచిపోవును. అపుడు అదే 600ను పంపుటకు 2 లీటర్ల మూత్రము కావలెను. రాత్రివేళ రెండు మూడు సార్లు మూత్రమునకు లేచుట ఈ దశకు గుర్తు. ఇట్టివారు ఎండలో నీరు లేక పనిచేసినను, వాంతులు విరేచనములు పట్టుకొన్నను, వారి మూత్రపిండములు నీటిని ఆదా చేయలేవు. దానికి తోడు ఒళ్ళు నొప్పులకని నొప్పి బిళ్ళ మ్రింగినచో మూత్రపిండమునకు పోవు రక్తము ఇంకను తగ్గును. మిగిలిన శక్తి కొలది దినములలోనే హరించిపోవచ్చును. కనుక ఈ దశలో దప్పికను అణచుకొనరాదు.

అట్లని బిందెలకొలది త్రాగినచో మూత్రపిండములు కడుగబడి బాగగునా? దీనిని కెనడాలో పరీక్షించిరి. మధ్యమ దశలోని 631 మంది రోగులలో ఒక వర్గము వారిచే ఏడాది పాటు అదనముగా నీరు త్రాగించిరి. 2018లో వెలువడిన ఫలితము ప్రకారము వడపోత శక్తి తగ్గుదలలో రెండు వర్గములకును చెప్పుకోదగిన భేదము లేదు. దప్పికకు తగినంత నీరు అవసరము. అంతకు మించినది చికిత్స కాదు.

వ్యాధి ముదిరిన పిదప లెక్క తలక్రిందులగును. మూత్రము రోజుకు అర లీటరుకు, పావు లీటరుకు తగ్గును. డయాలిసిస్ చేయించుకొను కొందరికి అసలే రాదు. త్రాగిన నీటికి బయటికి దారి లేదు. అది మొదట పాదములలోను, ముఖములోను వాపుగా చేరి, పిదప ఊపిరితిత్తులలో నిండి ఆయాసము కలిగించును. వైద్యులు సాధారణముగా చెప్పు లెక్క ఇది: ముందు రోజు వెలువడిన మూత్రము, దానిపై ఊపిరి, చర్మము ద్వారా పోవుదానికై మరి 500 మిల్లీలీటర్లు. మూత్రము 300 మిల్లీలీటర్లు వచ్చిన రోగికి మరునాడు 800 మిల్లీలీటర్లు. ఇందులో రెండు కప్పుల చాయ 200, ఒక గిన్నె అంబలి 250, చారు 100 పోగా, మందుబిళ్ళలకు, దప్పికకు మిగులునది 250 మాత్రమే. సల్ల, పప్పుకట్టు, కల్లు, మంచుగడ్డ, పుచ్చకాయ అన్నియు నీటి లెక్కలోనివే. ఎండలో చెమట ఎక్కువగా పోవువారు ఈ కొలతను వైద్యుని అడిగి మార్చుకొనవలెను.

ఈ లెక్కను సరిచూచుటకు ఇంటిలో తూకపు యంత్ర మొకటి చాలును. 1 లీటరు నీరు 1 కిలోగ్రాము. రెండు రోజులలో 2 కిలోలు బరువు పెరిగినచో అది కండ కాదు, నిలిచిన నీరు.

దప్పికకు మూలము ఉప్పు. ఆసుపత్రిలో నరమునకు ఎక్కించు సెలైను లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిగి యుండును. రక్తములోని లవణ గాఢతకు ఇది ఇంచుమించు సమానము. కనుక 9 గ్రాముల ఉప్పు శరీరములో నిలిచిపోయినచో, దానితో సుమారు 1 లీటరు నీరు నిలిచి తీరవలెను. పచ్చళ్ళు, అప్పడములు, ఎండుచేపలు తినుచు నీటిని మాత్రము మానుకొనుట సాధ్యము కాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములకు లోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉన్నచో దప్పిక దానంతట అదే తగ్గును. నోరు పుక్కిలించి ఉమియుట, చిన్న గ్లాసు వాడుట సాయపడును. సోడియము తక్కువ గల ఉప్పు అని అమ్మువానిలో పొటాసియము కలుపుదురు. అది వీరికి విషతుల్యము.

పీచు చేయు పని

ధాన్యముల పై పొర, కూరల నారలు మొదలగు జీర్ణము కాని భాగములే పీచు పదార్థము. మన జీర్ణరసములు దానిని కరిగింపలేవు. కాని పెద్దప్రేగులోని సూక్ష్మజీవులకు అదియే ఆహారము. పీచు దొరకనపుడు అవి మాంసకృత్తుల మిగులును కుళ్ళింపజేయును. దానినుండి పుట్టు కొన్ని పదార్థములు రక్తములో చేరును. వాటిని బయటికి పంపవలసినది మూత్రపిండమే. పీచు దొరికినపుడు సూక్ష్మజీవులు వృద్ధిచెంది, నత్రజనిలో కొంత తమ దేహములలో ఇముడ్చుకొని మలముతో పోవును. అనగా మూత్రపిండము మోయవలసిన బరువులో కొంత ప్రేగు మోయుచున్నదన్నమాట. మూత్రపిండ వ్యాధి గలవారిలో పీచు ఎక్కువ తినువారికి మరణములు తక్కువని 2012లో ప్రకటింపబడిన అమెరికా పరిశీలన యొకటి చూపినది. ఇది పీచు మహిమయే యని ఆ ఒక్క పరిశీలనతో తేల్చి చెప్పలేము. కాని దారి అటువైపే కనబడుచున్నది.

మరియొక ముఖ్య విషయము పొటాసియము. ఇది రక్తములో మితిమీరినచో గుండె హఠాత్తుగా ఆగవచ్చును. ఆరోగ్యవంతునిలో దీనిని దాదాపు అంతయు మూత్రపిండములే పంపివేయును. మలముతో పోవునది పదవ వంతునకు మించదు. మూత్రపిండములు చెడినపుడు పెద్దప్రేగు ఈ పనిని అందుకొని, నాలుగవ వంతు వరకు, ఒక్కొక్కపుడు అంతకు మించియు పంపును. ఈ దశలో మలబద్ధకము కలిగినచో ఆ రెండవ ద్వారము కూడ మూసికొనినట్లే. నీరు తగ్గించుట, కూరలు తగ్గించుట, కొన్ని మందులు, ఇవన్నియు మలబద్ధకమునకు కారణములే. కనుక రోగికి పీచు అవసరము మరింత హెచ్చును.

ఇచటనే చిక్కు ఉన్నది. పీచు నీటిని పీల్చి ఉబ్బును; రోగికి నీరు కొలతతో దొరకును. పీచు గల ఆహారములు పెక్కింటిలో పొటాసియము, భాస్వరము కూడ ఉండును. వంటయింటిలో దీనికి ఉపాయములు కలవు.

మరపట్టిన బియ్యములో 100 గ్రాములకు పీచు సుమారు 3 గ్రాములు. జొన్నలలో 10 గ్రాములు. జొన్నలలో పొటాసియము కూడ బియ్యములో కంటె ఎక్కువే. కాని వీటిలోని భాస్వరము చాలవరకు ఫైటేటు రూపములో నుండుటచే ప్రేగు దానిని పూర్తిగా పీల్చుకొనజాలదు. సంచులలో అమ్ము తినుబండారములలో కలుపు భాస్వర లవణములు దాదాపు పూర్తిగా రక్తములో చేరును. కనుక రొట్టె కంటె ఆ పొట్లమే ఎక్కువ ప్రమాదకరము. జొన్న గటక కంటె జొన్న రొట్టె మేలు. పీచు అదియే, నీరు తక్కువ. సొర, బీర, పొట్ల వంటి కూరలలో పొటాసియము తక్కువ. ఆలుగడ్డలను, ఆకుకూరలను ముక్కలుగా కోసి, హెచ్చు నీటిలో ఉడికించి ఆ నీటిని పారబోసినచో పొటాసియములో మంచి భాగము దానితో పోవును. అరటిపండు, కొబ్బరినీరు వైద్యుడు చెప్పినగాని తీసికొనరాదు. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీటిలో పొటాసియము 200 మిల్లీగ్రాములకు పైగా ఉండవచ్చును. పీచును ఒక్కసారి కాక వారముల మీద కొద్దికొద్దిగా పెంచవలెను. మెగ్నీషియము గల విరేచన మందులను స్వయముగా వాడరాదు. ఆ మెగ్నీషియము పోవుటకు దారి లేదు.

తరగతిలో ఒక ప్రయోగము

రెండు గాజు గ్లాసులలో ఒక్కొక్క చెంచా ఇసబ్గోలు పొట్టు వేయవలెను. మొదటిదానిలో గ్లాసెడు నీరు, రెండవదానిలో రెండు చెంచాల నీరు పోసి 10 నిమిషములు ఉంచవలెను. మొదటిది మెత్తని జిగురుగా మారును. రెండవది గట్టి ముద్దయగును. నీరు చాలక పీచు తిన్నవాని ప్రేగులో జరుగునది ఈ రెండవదే. వైద్యుడు ఇసబ్గోలు వ్రాసినపుడు దానికి కావలసిన గ్లాసెడు నీటిని ఆనాటి కొలతలో ముందే తీసి ఉంచవలెనని విద్యార్థులు దీనినిబట్టి గ్రహింతురు.

డయాలిసిస్ ఖర్చును తెలంగాణలో ఆరోగ్యశ్రీ పథకము భరించుచున్నది. అయినను యంత్రముపై రోగి గడుపునది వారమునకు రెండు మూడు దినములు, దినమునకు నాలుగు గంటలు. మిగిలిన కాలమంతయు అతని క్షేమము ఇంటివారి చేతిలోని చెంబు మీదను, గిన్నె మీదను ఆధారపడి యుండును. మన ఊళ్ళలో రోగిని చూడవచ్చిన ప్రతివారును ఒక సలహా ఇచ్చిపోవుదురు: ఒకరు నీళ్ళు త్రాగుమందురు, ఒకరు వద్దందురు, ఒకరు ఆకుకూరలు మేలందురు, ఒకరు విషమందురు. రెండును కొందరి విషయములో నిజము, కొందరి విషయములో అబద్ధము. అడుగవలసిన ప్రశ్నలు మూడు: వడపోత శక్తి ఎంత? మూత్రము ఎంత? పొటాసియము ఎంత? వీటికి ప్రత్యుత్తరము వైద్య పరీక్ష వలన తెలియును. ఈ మూడును ఎరిగిన పిదపనే ఎంత నీరు, ఎంత పీచు అను మాట చెప్పవలెను.